పి300 పరీక్షలో ఆలస్యం కనిపిస్తే మతిమరుపు జబ్బేనా? మాత్రల వల్ల కూడా అలా వస్తుందా?

మీ అమ్మగారికి 68 ఏళ్లని, పేర్లు మర్చిపోతున్నారని, పి300 పరీక్షలో లేటెన్సీ (అంటే మెదడు స్పందించడంలో ఆలస్యం) ఎక్కువ ఉందని రిపోర్టు వచ్చిందని రాశారు. రోజూ నిద్రమాత్ర, అలర్జీ మాత్ర వేసుకుంటారట. వాటి వల్ల ఇలా రావచ్చా అని మీ ప్రశ్న. రావచ్చు. నేను పదకొండేళ్లుగా ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలను గీతలుగా నమోదు చేసే పరీక్ష) టెక్నీషియన్‌గా ఈ పరీక్ష చేస్తున్నాను. మా నాన్న విషయంలో అచ్చం ఇదే జరిగింది.

ముందు ఆ పరీక్ష ఏం కొలుస్తుందో చెప్తాను. తలకి ఎలక్ట్రోడ్లు అంటించి, చెవులకి హెడ్‌ఫోన్ పెడతాం. ఒకే రకం శబ్దం వస్తూ ఉంటుంది. మధ్యమధ్యలో, దాదాపు అయిదింట ఒకటి, కీచుగా వేరే శబ్దం వినిపిస్తుంది. అది విన్నప్పుడల్లా బటన్ నొక్కాలి. ఎదురుచూస్తున్న శబ్దం ఇదేనని మెదడు గుర్తుపట్టినప్పుడు, శబ్దం వచ్చిన సుమారు 300 మిల్లీసెకన్లకి ఒక అల లేస్తుంది. నడినెత్తికి కాస్త వెనకగా అది బాగా కనిపిస్తుంది. 1965లో అమెరికాలో శామ్యూల్ సటన్ బృందం దీన్ని మొదట చూపించింది. అల ఎత్తు మహా అయితే పది, ఇరవై మైక్రోవోల్టులు. మామూలు ఈఈజీ గీతల్లో అది కలిసిపోతుంది, ముప్పై నలభై స్పందనలు కలిపి సగటు తీస్తేనే బయటపడుతుంది. ఎత్తును బట్టి మనిషి ఆ శబ్దం మీద ఎంత ధ్యాస పెట్టాడో, ఆలస్యాన్ని బట్టి గుర్తుపట్టడానికి మెదడుకి ఎంతసేపు పట్టిందో అంచనా వేస్తారు. వయసుతో ఈ ఆలస్యం మామూలుగానే పెరుగుతుంది.

నాన్నకి అప్పుడు 71. అడిగిందే మళ్లీ అడుగుతుంటే భయపడి తీసుకొచ్చాను. పరీక్ష నేనే చేశాను. అల 440 మిల్లీసెకన్ల దగ్గర, అదీ బాగా చిన్నగా వచ్చింది. స్క్రీన్ చూస్తుంటే నా చేతులు చల్లబడ్డాయి. మా న్యూరాలజిస్ట్ రిపోర్టు పక్కన పెట్టి, "ఇంట్లో ఉన్న మాత్రలన్నీ పట్టుకురా" అన్నారు. తెచ్చిన కవర్‌లో మూడు దొరికాయి. ఏళ్లుగా రాత్రిపూట వేసుకుంటున్న నిద్రమాత్ర అల్‌ప్రజోలమ్, మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఇచ్చిన ఆక్సీబ్యుటినిన్, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్ర.

ఈ మూడూ ఒక్కో దారిలో ఆ అలను దెబ్బతీస్తాయి. ధ్యాసకి, జ్ఞాపకానికి మెదడు వాడుకునే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఆక్సీబ్యుటినిన్ లాంటి మందులు అడ్డుకుంటాయి. ఆ తరహా మందే అయిన స్కోపలమైన్‌ని ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఇచ్చి చూసిన ప్రయోగాల్లో పి300 ఆలస్యమైంది, వాళ్ల జ్ఞాపకం కూడా తగ్గింది. అల్‌ప్రజోలమ్ కుటుంబం మందులు మెదడుని నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని పెంచుతాయి కాబట్టి అల ఎత్తు పడిపోతుంది. మద్యం తాగినా ఎత్తు తగ్గుతుంది. జలుబు మాత్రల్లో ఎక్కువగా ఉండే క్లోర్‌ఫెనిరమైన్ మెలకువని నిలబెట్టే హిస్టమిన్‌ని అడ్డుకుంటుంది. పెద్దవాళ్ల రక్తంలో అది సగానికి తగ్గడానికే దాదాపు ఇరవై గంటలు పడుతుంది. రాత్రి వేసుకున్నది పొద్దున పరీక్ష టైముకి ఇంకా ఉంటుందన్నమాట. ఫెక్సోఫెనడిన్ లాంటి కొత్త అలర్జీ మందులు మెదడులోకి పెద్దగా వెళ్లవు. దీనికి వ్యతిరేక దిశలో పనిచేసేవీ ఉన్నాయి. అల్జీమర్స్‌కి ఇచ్చే డోనెపెజిల్ కొందరిలో ఆలస్యాన్ని తగ్గిస్తుంది.

నాన్నకి జలుబు మాత్ర వెంటనే ఆపించారు, మూత్రం మందు మార్చారు, నిద్రమాత్రని మాత్రం రెండు నెలల పాటు కొద్దికొద్దిగా తగ్గించారు. మూడు నెలలకి అదే మెషీన్ మీద మళ్లీ చేస్తే అల 385 మిల్లీసెకన్లకి వచ్చింది. అడిగిందే అడగడం బాగా తగ్గింది. పేర్లు ఇప్పటికీ మర్చిపోతుంటారు, కాబట్టి అంతా మాత్రల వల్లే అని నేను చెప్పను.

మీరు నిద్రమాత్రని మీ అంతట మీరు హఠాత్తుగా ఆపించకండి. వణుకు, నిద్రపట్టకపోవడం, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. షాపులో కొన్నవాటితో సహా స్ట్రిప్పులన్నీ డాక్టర్ ముందు పెట్టండి. నాకు బాధ కలిగించేది ఇదే: బీపీ, షుగర్ మందులు అందరూ చెప్తారు, జలుబు మాత్రని ఎవరూ మందుగా లెక్కపెట్టరు. చెవులు సరిగా వినిపిస్తున్నాయో లేదో కూడా చూపించండి. శబ్దం వినబడకపోతే ఆ అల ఎలాగూ సరిగా రాదు. మళ్లీ పరీక్ష చేయిస్తే అదే ల్యాబ్‌లో, రాత్రి బాగా నిద్రపోయాక, తలకి నూనె లేకుండా స్నానం చేయించి తీసుకెళ్లండి. ఆ వయసుకి ఆ ల్యాబ్ నార్మల్ ఎంతో రిపోర్టు మీద రాయించుకోండి. పి300 ఒక్కదాన్ని పట్టుకుని డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని ఎవరూ తేల్చకూడదు.

ఆవిడ అలర్జీ మాత్రలో ఏ మందు ఉందో స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ క్లోర్‌ఫెనిరమైన్ అని కనిపిస్తే డాక్టర్‌ని ముందు దాని గురించే అడగండి.