పర్షియన్ తివాచీ నిజంగా చేత్తో నేసిందేనా? ఎలా తెలుస్తుంది, అంత ధర ఎందుకు?

ముందు దాన్ని తిరగేసి చూడండి. నేను కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక ఇరానీ పెద్దాయన దుకాణంలో తరచూ కూర్చునేవాణ్ణి. ఎవరు వచ్చినా ఆయన మొదట వెనకవైపే చూపించేవారు. చేత్తో నేసినదైతే ముందున్న పువ్వులూ తీగలూ వెనక కూడా స్పష్టంగా కనబడతాయి. ముడులు వేటికవి తెలుస్తాయి, వరసలు అక్కడక్కడా కొంచెం వంకరపోతాయి. వెనక గుడ్డ అంటించి ఉంటే అది ముడులు వేసింది కాదు, ఊలు గుచ్చి జిగురుతో నిలబెట్టింది. అంచు కుచ్చులు కూడా చూడండి. అసలుదానికి అవి పడుగు దారాల కొసలే, విడిగా తెచ్చి కుట్టినవి కావు.

ధర సంగతికొస్తే, ఒక్కో ముడికీ ఊలు దారాన్ని రెండు పడుగు దారాలకు చుట్టి, కొస కోయాలి. వరస పూర్తయ్యాక పేక దారం పోనిచ్చి, బరువైన దువ్వెనతో గట్టిగా కొట్టాలి. మళ్లీ పై వరస. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న అర్దబీల్ తివాచీలో ఇలాంటి ముడులు సుమారు రెండున్నర కోట్లు ఉంటాయి. ఇరాన్‌ను ఏలిన సఫవీ రాజుల కాలానిది. నేసిన సంవత్సరం, హిజ్రీ 946, దాని మీదే ఉంది. అంటే 1539-40.

అలాగని ముడులు ఎక్కువుంటేనే గొప్పదని అనుకోకండి. ఇస్ఫహాన్, కాషాన్, ఖుమ్ లాంటి ఇరాన్ పట్టణాల్లో కాగితం మీద గీసిన నమూనా చూసి సన్నగా నేస్తారు. ఫార్స్ ప్రాంతపు ఖష్కాయీ సంచార మహిళలు చాలావరకు తలలో ఉన్న నమూనాతోనే నేస్తారు. వాళ్లు నేసే గబ్బే అనే ముతక తివాచీల్లో ముడులు తక్కువ, ఊలు మందం. నాకు ఇవే ఎక్కువ ఇష్టం.

వాటిలో ఎర్రటి నేల మధ్యలో ఉన్నట్టుండి లేత చార ఒకటి అడ్డంగా పోతుంది. రంగు వెలిసిందని చాలామంది వెనక్కి ఇచ్చేసేవారు. అది లోపం కాదు. ఊలుకు కొంచెం కొంచెంగా రంగు వేస్తారు కాబట్టి ఒక వాయి రంగు ఇంకో వాయికి సరిగ్గా కలవదు. దీన్ని అబ్రష్ అంటారు. ఎరుపు మంజిష్ఠ జాతి వేర్ల నుంచి, నీలం నీలిమందు నుంచి వస్తాయి. అబ్రష్ ఉన్న ముక్క దొరికితే నేనైతే వదలను.

కొనేముందు తెల్ల రుమాలు తడిపి ఒక మూల రుద్దండి, రంగు అంటితే వద్దు. రోజూ తొక్కే హాల్లోకైతే పట్టుది కాకుండా ఊలుదే తీసుకోండి.