చల్లగా ఉంటే చాలదు, గాలి ఆడాలి

ప్రశ్న: మారతహళ్లిలో ఉండే ఐదుగురు మిత్రులం. కోలారు దగ్గరి అంతర్గంగె గుహల్లో తిరిగొస్తుంటాం. మేమే తవ్వి కొత్త గుహ కనిపెట్టాలని ఉంది. బెంగళూరు చుట్టుపక్కల వీలవుతుందా? మాలో ఒకరిది కొలిమిగుండ్ల వైపు పల్లె. వాళ్ల చేలో నాపరాళ్ల మధ్య జానెడు కన్నం ఉంది, ఎండాకాలం చల్లగా ఉంటుంది. అక్కడ తవ్వొచ్చా?

జవాబు: బెంగళూరు దగ్గర ఆశ పెట్టుకోకండి. ఇక్కడిదంతా గ్రానైట్, నైస్ రాయి. సున్నపురాయిలా నీటికి కరగదు. అంతర్గంగెలో మీరు దూరినవి దొర్లిపడ్డ బండల మధ్య సందులు. అక్కడ రాయి కదిపితే పైబండ మీదికొస్తుంది.

మీ మిత్రుడి చేను మాత్రం సరైన చోటు, నాపరాయి సున్నపురాయి రకమే. 3,229 మీటర్ల బెలుం గుహలు ఆ మండలంలోనివే. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్ 1884లోనే వాటిని ప్రస్తావించినా, లోపలంతా తిరిగి కొలిచింది 1982, 83లలో వచ్చిన జర్మన్ బృందం.

ముందు కన్నాన్ని పరీక్షించండి. నీడపట్టు గుంత కూడా చల్లగానే ఉంటుంది. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం అంచున అగరుబత్తి పెట్టండి. పొగ బయటికి తోసుకొస్తే, డిసెంబరు తెల్లవారుజామున అదే కన్నం పొగను లోపలికి లాగాలి. అలా దిశ మారితే లోపల దారి ఉంది, ఎక్కడో పైన ఇంకో నోరు కూడా ఉంది. మీది కింది నోరు. పొగ రెండుసార్లూ నిట్టనిలువుగా లేస్తే ఆ చోటు వదిలేయండి.

తవ్వేటప్పుడు గాలి వచ్చే వైపునే పోవాలి, మట్టి మెత్తగా ఉన్న వైపు కాదు. గొయ్యి మీటరు వెడల్పు ఉంటే ఒకరు మోచేతులు ఆడించగలరు. మట్టి తీయడానికి 20 లీటర్ల పెయింటు బకెట్లు చాలు, కానీ సగమే నింపండి. తడి బంకమట్టి నిండా పోస్తే 35 కిలోలు దాటుతుంది. బకెట్టు తీగ పట్టీని నమ్మొద్దు, బరువుకి కొక్కెం చెవిలోంచి జారిపోతుంది. అంచు కింద రెండు బెజ్జాలు వేసి తాడు దూర్చండి. ఘనమీటరు మట్టి తవ్వితే గుల్లబారి సుమారు 130 సగం బకెట్లవుతుంది. ఆ మట్టి పల్లపు వైపు దూరంగా పోయాలి, లేకుంటే మొదటి వానకే తిరిగి గోతిలోకి వస్తుంది.

అసలు ప్రమాదం రాళ్లు ఇరుక్కున్న చోట. కాళ్ల దగ్గరి రాయి లాగితే పైవన్నీ దిగుతాయి. ఎప్పుడూ పైనుంచి కిందికే, పక్కన నిలబడి గడ్డపారతో. ముందు సుత్తితో కొట్టి చూడండి: ఖంగుమంటే అతుక్కున్న రాయి, డొల్లగా మోగితే ఊగే రాయి. నడుములోతు దాటాక సెంట్రింగ్ పైపులు, క్లాంపులతో గోడలకు ఆపు పెట్టాల్సిందే. సర్వికట్టెలు ఆ తేమకు పుచ్చిపోతాయి.

ఇంకో మాట. రాయలసీమలో రాత్రి గొయ్యి తవ్వితే గుప్తనిధుల కోసమనే అనుకుంటారు, అనుకోవడంలో తప్పూ లేదు. పట్టాదారు దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకుని, పంచాయతీకి, పోలీసులకు చెప్పి, పగలే తవ్వండి. అటవీ భూమి, రక్షిత కట్టడాల పరిసరాలు ముట్టుకోవద్దు. ఎముకలో, కుండపెంకులో కనబడితే ఆపేయండి; బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల మట్టిలో ప్రాచీన జంతువుల ఎముకలే దొరికాయి. పాతిపెట్టిన విలువైన వస్తువేదైనా దొరికితే 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

ప్రశ్న: లోపల అగ్గిపుల్ల వెలిగితే గాలి మంచిదేనా? – విజయనగర్ పాఠకురాలు

జవాబు: కాదండీ. మంట ఆరాలంటే ఆక్సిజన్ 15, 16 శాతానికి పడిపోవాలి. కార్బన్ డయాక్సైడ్ 3 శాతానికి చేరగానే ఆయాసం, తలనొప్పి మొదలవుతాయి, అప్పటికి పుల్ల ఇంకా వెలుగుతూనే ఉంటుంది. ఈ వాయువు గాలికన్నా బరువు కాబట్టి గొయ్యి అడుగున చేరుతుంది. దాన్ని కొలిచే మీటరును తాడుకి కట్టి ముందు అడుగుకు దింపండి. 0.5 శాతం దాటితే ఎవరూ దిగకండి. లోపల ఒకరు పడిపోతే రెండోవాళ్లు ఆవేశంగా దూకొద్దు. అందుకే దిగే మనిషికి ముందే నడుముపట్టీ, తాడు కట్టి, పైన ఇద్దరిని ఉంచాలి.