రెండో తరగతి పాపకు ఒత్తులు, రాత్రి తొమ్మిది దాకా హోమ్‌వర్క్

నమస్కారం అండీ. విజయనగరంలో సిస్టర్లు నడిపే బడిలో రెండో తరగతి చదివే మీ పాప, ఒత్తుల పదాలు పదేసి సార్లు రాయలేక రాత్రి తొమ్మిది దాకా ఏడుస్తోందని చదివి మనసు చివుక్కుమంది. అలా కూర్చోబెట్టడం ఈ రోజే ఆపండి.

కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానమే రెండో తరగతి దాకా హోమ్‌వర్క్ వద్దంటోంది. క్లాసు సిస్టర్‌ని కలిసి, ఫిర్యాదులా కాకుండా, ‘ఇరవై నిమిషాలే రాయిస్తాం’ అని చెప్పి చూడండి.

ఇక ఒత్తులు. పాప రోజూ వినే మాటలు తీసుకోండి. ముందు బొబ్బిలి: బ కింద చిన్న బ, అంతే. తర్వాత పైడితల్లి. ‘పై-డి-తల్-లి’ అని చప్పట్లు కొడుతూ పలికించి, అప్పుడు పలక మీద రాయించండి. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలా కనిపించవు. పిల్లలు తడబడేది అక్కడే, పాప తప్పేమీ లేదు. వాటికి రోజుకొకటి చాలు. గంటస్తంభం చివరికి ఉంచండి.

తప్పు రాస్తే కొట్టివేయకండి. పక్కనే మీరొకసారి రాసి చూపండి.