అమ్మ ఇచ్చిన కిడ్నీని శరీరం ఎందుకు కాదంటుంది?

ప్రశ్న: మా తమ్ముడికి బెంగళూరులో కిడ్నీ మార్పిడి జరిగింది. ఇచ్చింది మా అమ్మే. ఇద్దరి బ్లడ్ గ్రూపూ ఒకటే. ఏడాదిపాటు బాగానే ఉన్నాడు. ఈమధ్య రక్తంలో కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్ పెరగడంతో బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేసి, శరీరం కిడ్నీని తిరస్కరిస్తోందన్నారు. కన్నతల్లి కిడ్నీ కూడా పడకపోవడమేమిటి? రోగనిరోధక శక్తి పెరగడానికి కషాయం తాగించమని బంధువులు అంటున్నారు. తాగించవచ్చా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: ముందుగా మీ అమ్మగారికి ఒక మాట చెప్పండి. తిరస్కరణ జరిగిందంటే ఆమె ఇచ్చిన కిడ్నీలో లోపముందని కాదు.

బ్లడ్ గ్రూపు కలిసినంత మాత్రాన సరిపోదు. మన కణాల పైన హెచ్‌.ఎల్‌.ఏ. అనే ప్రోటీన్లు ఉంటాయి. ఒక కణం తనదా, పరాయిదా అని రోగనిరోధక వ్యవస్థ ముఖ్యంగా వీటిని బట్టే తేల్చుకుంటుంది. వీటి జన్యువులు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి కనుక, అమ్మగారిలోని రెండో సగం మీ తమ్ముడి శరీరానికి సాధారణంగా కొత్తదే. దాన్ని గుర్తించిన టి కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు) కిడ్నీలోకి చొరబడి దాడి చేయవచ్చు, లేదా రక్తంలో తయారైన యాంటీబాడీలు కిడ్నీలోని సన్నని రక్తనాళాలను దెబ్బతీయవచ్చు. మొదటి రకానికి సాధారణంగా స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో చికిత్స మొదలుపెడతారు, రెండో రకానికి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) మార్పిడి వంటివి అవసరమవుతాయి. బయాప్సీ చేసేది ఈ తేడా తెలుసుకోవడానికే. 1954లో బోస్టన్‌లో జరిగిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి ఒకే పోలికగల కవలల మధ్య జరిగింది కాబట్టే, నిరోధక శక్తిని అణచే మందులు లేకుండానే నిలిచింది. మిగతావారందరికీ, తోబుట్టువుల హెచ్‌.ఎల్‌.ఏ. పూర్తిగా కలిసినా సరే, కిడ్నీ పనిచేసినంతకాలం ఆ మందులు సాధారణంగా తప్పవు.

అందువల్ల కషాయం తాగించకండి. డాక్టర్లు అణచి ఉంచాలని చూస్తున్నది ఆ శక్తినే. పైగా కొన్ని మూలికలు రక్తంలో మందుల మోతాదును తారుమారు చేస్తాయి. నిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్ అనే మందు వాడేవారు పంపరపనస పండు కూడా తినకూడదు. తమ్ముడు మాత్రలు మానేశాడేమోనని నిందించకుండా, నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. సక్రమంగా వేసుకున్నవారిలోనూ తిరస్కరణ వస్తుంది. తరచుగా నొప్పీ జ్వరమూ లేకుండానే వస్తుంది కాబట్టి, ఒంట్లో బాగుందని రక్తపరీక్షలు వాయిదా వేయకూడదు. టాక్రోలిమస్ స్థాయి చూసే రోజున మాత్రం రక్తం ఇచ్చిన తరువాతే ఉదయం మాత్ర వేసుకోమనండి. ముందే వేసుకుంటే స్థాయి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించి, డాక్టరు మోతాదు తగ్గించే ప్రమాదం ఉంది.