ఆలస్యంగా కట్టిన ఆ ప్రీమియం ఏ తేదీన కట్టారు?

ప్రశ్న: మాది ఉమ్మడి వరంగల్ జిల్లా. మావారు అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్. 2025 నవంబరులో ఒక పత్తి జిన్నింగు మిల్లులో మంటలు ఆర్పుతుండగా పైకప్పు కూలి చనిపోయారు. 2021 జూన్ 10న ఒక ప్రైవేటు కంపెనీలో 25 లక్షల రూపాయలకు టర్మ్ పాలసీ తీసుకున్నారు. నామినీని నేనే. ఫారంలో వృత్తి ‘ప్రభుత్వ కార్యాలయ ఉద్యోగి’ అని ఉందని, ప్రమాదకరమైన పనిని దాచారని చెప్పి 2026 జనవరి 19న కంపెనీ క్లెయిం తిరస్కరించింది. ఫారం నింపింది ఏజెంటే, ఆయన సంతకం మాత్రమే పెట్టారు. 2023లో ఒక ప్రీమియం ఆలస్యమైనా తర్వాత కట్టేశాం. ఆయన స్టేషనులో ఆఫీసు పనే చూసేవారని ఒక ఉత్తరం రాయించుకుంటే చాలని మా బావగారు అంటున్నారు. ప్రాణాలకు తెగించి పదిమందిని కాపాడిన మనిషికి ఇదేనా న్యాయం?

జవాబు: అమ్మా, ఆయన ఎంతమందిని కాపాడారన్నది శాఖ ఇచ్చే పతకానికి పనికొస్తుంది. బీమా కేసులో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. మీ కేసును తేల్చే వాక్యాన్ని మీరు దారిన పోతూ అన్నట్టు రాసి వదిలేశారు: ‘ఒక ప్రీమియం ఆలస్యమైనా తర్వాత కట్టేశాం.’ ఎప్పుడు కట్టారు? ఏ తేదీన?

ఎందుకు అడుగుతున్నానంటే, బీమా చట్టం, 1938లోని 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని కంపెనీ ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. మోసం జరిగిందన్నా సరే, కూడదు. అయితే ఆ మూడేళ్లను పాలసీ జారీ, రిస్కు ప్రారంభం, పునరుద్ధరణ (ప్రీమియం కట్టక ఆగిపోయిన పాలసీని మళ్లీ నడిపించడం), రైడరు (పాలసీకి అదనంగా తగిలించే రక్షణ) చేర్చడం, వీటిలో ఏ తేదీ చివరిదైతే అక్కడి నుంచి లెక్కిస్తారు. మీ గొడవంతా పునరుద్ధరణ అన్న మాట దగ్గరే ఉంది.

ఏడాదికోసారి కట్టే ప్రీమియానికి 30 రోజుల అదనపు గడువు ఉంటుంది. 2023 జూన్ 10న కట్టవలసినది జూలై 10లోగా కట్టి ఉంటే పాలసీ ఆగిపోనట్టే. 2021 నుంచి లెక్కేస్తే మూడేళ్లు 2024 జూన్‌లోనే పూర్తయ్యాయి. అప్పుడు 2026లో కంపెనీ రాసిన ఉత్తరానికి చట్టంలో చోటు లేదు, ఫారంలో ఏం రాశారన్న చర్చే అక్కరలేదు. అలా కాక సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఆరోగ్య ప్రకటన మీద సంతకం పెట్టి, వడ్డీతో కట్టి పాలసీని పునరుద్ధరించుకుని ఉంటే లెక్క మళ్లీ మొదలవుతుంది. మూడేళ్లు 2026 చివరి నెలల దాకా నడుస్తాయి, కంపెనీ గడువులోపలే ప్రశ్నించినట్టవుతుంది. రసీదు దొరకకపోతే బ్యాంకు స్టేట్‌మెంటు తీయించండి. ఆ ఒక్క తేదీ తెలియకుండా ఏ వకీలు దగ్గరికి వెళ్లినా మీ ఫీజు దండగ.

తేదీ మీకు ఎదురు తిరిగినా దారి మూసుకుపోదు. పాతిక లక్షల పాలసీ ఇచ్చేముందు కంపెనీ ఆదాయపు రుజువు అడిగే ఉంటుంది. ఆయన జీతపు స్లిప్పో, ఫారం 16 (జీతంలో పన్ను కోతకు శాఖ ఇచ్చే పత్రం) అయినా ఇచ్చి ఉంటారు. జీతపు స్లిప్పు మీద హోదా, శాఖ పేరు ఉంటాయి. కంపెనీ చేతిలో ఉన్న కాగితమే ఫైర్‌మన్ అని చెబుతుంటే, దాచారనడం కుదరదు. కంపెనీకి తెలిసిన విషయాన్ని మోసం కింద చూపలేరని అదే సెక్షన్ చెబుతోంది. పాలసీ అమ్మిన ఏజెంటును ఒప్పందం విషయంలో కంపెనీ తరఫు మనిషిగానే చూడాలని కూడా అక్కడే ఉంది. కంపెనీ మోసం అనకుండా తప్పుడు సమాచారం అని మాత్రమే అంటే, నిజం తెలిస్తే అసలు పాలసీయే ఇచ్చేవాళ్లం కాదని రుజువు చేయవలసింది కంపెనీయే. కాస్త ఎక్కువ ప్రీమియం వసూలు చేసేవాళ్లమంటే సరిపోదు. అగ్నిమాపక సిబ్బందికి ఆ కంపెనీ ఎన్నడూ పాలసీ అమ్మలేదా? ఆ ప్రశ్న రాతపూర్వకంగా అడగండి.

ఇక మీ బావగారి సలహా. ఆ ఉత్తరం జోలికి పోకండి. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, స్టేషను రికార్డు అన్నీ ఆయన మంటలార్పుతూ చనిపోయారని చెబుతున్నాయి. ఆఫీసు పని చేసేవారని మీరే ఒక కాగితం పెడితే కంపెనీ దాన్ని పట్టుకుని మీరు అబద్ధమాడుతున్నారని చూపిస్తుంది. విధి నిర్వహణలో మరణం కింద శాఖ నుంచి రావలసిన సాయానికీ అదే కాగితం అడ్డు తగులుతుంది. రాసిచ్చిన అధికారి ఉద్యోగం, తెచ్చుకున్న మీ పేరు రెండూ క్రిమినల్ కేసులోకి ఎక్కుతాయి. నిజమే మీకు బలంగా ఉన్నప్పుడు అబద్ధం దేనికి?

ఫారం చదవకుండా సంతకం పెట్టడం మాత్రం ఆయన చేసిన తప్పే, మెత్తగా చెప్పలేను. మంటల్లోకి వెళ్లేముందు హోస్ పైపు పదిసార్లు చూసుకునే మనిషి, కుటుంబం ఆధారపడే కాగితాన్ని చదవలేదు. స్టేషనులో ఆయన సహోద్యోగులకు చెప్పండి: వృత్తి గడిలో ‘ఫైర్‌మన్, మంటలార్పే పని’ అని స్వహస్తంతో రాసుకోవాలి, నింపిన ఫారం నకలు ఇంట్లో ఉంచుకోవాలి. ప్రీమియం అదనంగా పడితే పడనీ.

ఇప్పుడు చేయవలసింది. ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం ఏజెంటు నింపిన ఆ దరఖాస్తు), దానితో ఇచ్చిన పత్రాలు, పునరుద్ధరణ జరిగి ఉంటే ఆ కాగితాల నకళ్లు ఇమ్మని కంపెనీ ఫిర్యాదుల అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి, తిరస్కరణను పునఃపరిశీలించమని అందులోనే కోరండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినా మీకు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి దగ్గరికి, వెళ్లవచ్చు. అందుకు ఏడాది గడువు. రుసుము లేదు, మాలాంటి వకీళ్లకు ప్రవేశమూ లేదు, మీరే చెప్పుకోవాలి. అక్కడ ఓడినా జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, తిరస్కరణ నుంచి రెండేళ్లు, అంటే 2028 జనవరి 18 దాటనివ్వకండి. మధ్యలో ఎన్ని ఉత్తరాలు రాసినా ఈ గడువు పెరగదు. అంబుడ్స్‌మన్ దగ్గర ఆలస్యమైందని ఇది ఆగుతుందనీ అనుకోవద్దు.

ఈలోగా కంపెనీ కట్టిన ప్రీమియాలు వెనక్కి పంపితే అభ్యంతరంతో స్వీకరిస్తున్నానని రాసి తీసుకోండి. ‘పూర్తి, తుది పరిష్కారం’ అన్న రసీదు మీద మాత్రం సంతకం పెట్టకండి. ముందు బ్యాంకుకు వెళ్లి 2023 జూన్ నుంచి డిసెంబరు దాకా స్టేట్‌మెంటు తెచ్చుకోండి.