పీఎఫ్ తీసి ఇంటి అప్పు కట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 39. హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. పన్నెండేళ్లుగా ఒకే సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. సెప్టెంబరు 30 నా ఆఖరి పనిదినమని, మూడు నెలల జీతం పరిహారంగా ఇస్తామని చెప్పారు. నా జీతం 1,28,000, చేతికి 1,15,000 వచ్చేది. బేసిక్ 50,000. నా భార్యకు ప్రైవేటు పాఠశాలలో 26,000 వస్తుంది. ఇంటి అప్పు 41 లక్షలు మిగిలి ఉంది, ఈఎంఐ 42,000. క్రెడిట్ కార్డు బాకీ 1,60,000. ఎఫ్‌డీ 5 లక్షలు, పీఎఫ్ 13 లక్షలు ఉన్నాయి. మ్యూచువల్ ఫండ్ సిప్‌లకు నెలకు 10,000, పది లక్షల చీటీకి డివిడెండ్ పోను సుమారు 16,000 కడుతున్నాను. చీటీ ఇంకా పాడలేదు. పీఎఫ్ తీసి ఇంటి అప్పు తగ్గించుకోవాలని ఉంది. 3 లక్షలు ఇస్తే ఉద్యోగం ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ అంటోంది. మాతోనే ఉంటున్న అమ్మానాన్నలకు ఈ సంగతి చెప్పలేదు. ప్రాజెక్టు నుంచి తప్పించినా రోజూ లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో బ్యాగు గురించి రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దాని గురించి చివర్లో రాస్తాను. అంతకన్నా ముందు, ఈ నెలాఖరులోగా చేయవలసిన పని ఒకటి ఉంది. మీ అమ్మగారికి మధుమేహం ఉందనీ, కంపెనీ ఆరోగ్య బీమాలో ఆమె పేరు కూడా ఉందనీ రాశారు. ఆ బృంద బీమా సాధారణంగా ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. ఆ రోజు రాకముందే, అదే బీమా సంస్థలో మీ కుటుంబానికి వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం ఇవ్వమని హెచ్‌ఆర్‌కూ, బీమా సంస్థకూ ఈమెయిల్ రాయండి. అలా మారితే, ఇన్నాళ్లూ బృంద పాలసీలో గడిచిన కాలం పాత జబ్బుల నిరీక్షణ గడువులో, అంటే ముందునుంచే ఉన్న జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగవలసిన కాలంలో, కలిసే వీలుంటుంది. ఆఖరి పనిదినం దాటాక కొత్త పాలసీకి వెళితే ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు కనుక, ఖర్చుకు భయపడి ఈ పనిని వాయిదా వేయవద్దు.

ఇక పీఎఫ్ సంగతి. ఉద్యోగం పోయినవారు వెంటనే 75 శాతం తీసుకోవచ్చనీ, మిగిలిన 25 శాతానికి 12 నెలలు ఆగాలనీ పీఎఫ్‌ను నిర్వహించే ఈపీఎఫ్‌వో ధర్మకర్తల మండలి 2025 అక్టోబరులో నిర్ణయించింది. ఆ లెక్కన మీకు 9,75,000 వస్తుంది. దానిని ఇంటి అప్పుకు జమ చేస్తే, గడువు మార్చకుండా ఈఎంఐ 42,000 నుంచి సుమారు 32,000కు దిగుతుంది. అంటే నెలకు పది వేల వెసులుబాటు కోసం తొమ్మిదిన్నర లక్షలకు పైగా చేతులారా వదులుకుంటారు, రేపు ఇంట్లో అవసరం పడితే బ్యాంకు ఆ డబ్బును తిరిగి ఇవ్వదు. పైగా 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. ఉద్యోగం మానేశాక వచ్చే వడ్డీపై పన్ను ఉన్నా, ఆ డబ్బు అక్కడే ఉండడం మంచిది. దానిని ఆఖరి ఆసరాగా ఉంచుకోండి.

అప్పు తక్కువగా ఉంటే మనసు కుదుటపడుతుందని మీరు అనుకోవడం నాకు అర్థమవుతుంది. కానీ జీతం లేని కాలంలో చూసుకోవలసింది ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుందన్నదే. మీ విషయంలో ఆ లెక్క మీరు భయపడుతున్నంత దారుణంగా లేదు. పరిహారం పన్ను పోను 3,45,000 చేతికి వస్తుందనుకుందాం. పన్నెండేళ్ల సర్వీసుకు సంస్థ ఇవ్వవలసిన గ్రాట్యుటీ మీ ఉత్తరంలో కనిపించలేదు, బహుశా మరిచిపోయి ఉంటారు. 50,000 బేసిక్‌ను 26తో భాగించి, 15తోనూ 12తోనూ గుణిస్తే సుమారు 3,46,000 అవుతుంది, దీనిపై పన్ను కూడా లేదు. ఎఫ్‌డీతో కలిపితే మొత్తం 11,91,000. ఇందులోంచి మొట్టమొదట క్రెడిట్ కార్డు బాకీ పూర్తిగా తీర్చేయండి, ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా వడ్డీ పడే అప్పును పెట్టుకుని ఏ పొదుపూ నిలవదు. ఆరోగ్య బీమాకు ఒక 45,000 తీసినా 9,86,000 మిగులుతుంది.

ఈఎంఐ, పిల్లల ఫీజులు, మందులతో సహా ఇంటి ఖర్చు 93,000 అని రాశారు. చీటీ, సిప్‌లు కలిపితే 1,19,000. మీ భార్య జీతం పోను నెలకు 93,000 లోటు, ఆ లెక్కన పదిన్నర నెలలు గడుస్తాయి. సిప్‌లు ఆపి, చీటీ భారం దించుకుని, ఇంటి ఖర్చును 85,000కు తెస్తే లోటు 59,000కు తగ్గుతుంది, అదే డబ్బు పదహారు నెలలకు పైగా వస్తుంది. ఇదంతా పీఎఫ్‌ను ముట్టుకోకుండానే.

చీటీ విషయంలో తొందరపడి ఇప్పుడు పాడవద్దు. పాడితే జామీనుదారులను చూపించాలి, జీతం లేని మనిషికి జామీను దొరకడం కష్టం. దొరికినా, తర్వాత వాయిదాలు తప్పితే వాళ్ల మెడకు చుట్టుకుంటుంది. మీది రిజిస్టర్డ్ చీటీ అయితే, నిర్వాహకుడి అనుమతితో మీ స్థానంలో మరొకరిని చేర్పించి, మీరు కట్టిన డబ్బు వారి నుంచి తీసుకునే వీలుందేమో మొదట అడగండి. పాడని చీటీకి కొనేవాళ్లు బంధువుల్లోనే దొరుకుతారని నా అనుభవం.

పన్నులో కూడా మీకు రావలసింది ఉండవచ్చు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా జీతం 7,68,000, పరిహారం 3,84,000, వెరసి 11,52,000. మార్చిలోపు మరో జీతం రాకపోతే, 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదు కనుక, జీతంలోంచి ముందే కోసిన పన్ను (టీడీఎస్) అంతా రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈలోగా ఉద్యోగం దొరికితే మాత్రం పాత జీతం వివరాలు కొత్త సంస్థకు తప్పక ఇవ్వండి, లేకపోతే ఏడాది చివర పన్ను ఒక్కసారిగా మీద పడుతుంది.

కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఉద్యోగం ఇచ్చే సంస్థ అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. మాదాపూర్, అమీర్‌పేట ప్రాంతాల్లో డబ్బు తీసుకుని దొడ్డిదారిన ఇప్పిస్తామనే బ్యాక్‌డోర్ ఉద్యోగాల పేరుతో మోసపోయిన కుటుంబాలను నేను చూశాను, ఆ మూడు లక్షలతో మీ ఇంటి అయిదు నెలల లోటు తీరుతుంది. దానిలో పదో వంతు పెట్టి ఆటోమేషన్ టెస్టింగ్ నేర్చుకోండి. మీతో పనిచేసి వేరే సంస్థలకు వెళ్లిన పాత సహోద్యోగుల జాబితా రాసుకుని, రోజుకు ఇద్దరితో ఫోనులో మాట్లాడండి. 2025 జులైలో టీసీఎస్ 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గిస్తామని ప్రకటించిన తర్వాత, ఈ రంగంలో ఉద్యోగం పోవడాన్ని ఎవరూ మీ అసమర్థతగా చూడరు. జీతం మాట్లాడేటప్పుడు 60,000 అనే అంకెను గుర్తుంచుకోండి. చేతికి అంత వస్తే మీ పొదుపు కరగడం ఆగుతుంది. మొదటి మూడు నాలుగు నెలలు పాత జీతం కోసమే ప్రయత్నించండి, ఆ తర్వాత 75,000 ఇస్తామన్నా చేరిపోండి. ఒకవేళ చేతిలో నాలుగు నెలల డబ్బే మిగిలే పరిస్థితి వస్తే, ఈఎంఐ తప్పకముందే బ్యాంకుకు వెళ్లి గడువు పొడిగించమని అడగండి. బకాయి 90 రోజులు దాటి ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయ్యాక అడిగితే ఆ మాటకు విలువ ఉండదు.

ఇప్పుడు బ్యాగు సంగతి. మీ మేనకోడలి ఓణీల వేడుకకు రెండు తులాల బంగారం పెడతామని నాన్నగారు మాట ఇచ్చారని రాశారు. ఆయనకు విషయం తెలియదు కనుకే ఆ మాట ఇచ్చారు. ఎనిమిదో తరగతి చదివే మీ అబ్బాయి కొత్త ట్యూషన్ అడగడం కూడా అందుకే. ఖర్చు 85,000కు దిగాలంటే ఇంట్లో అందరికీ ఆ అంకె తెలియాలి. ఈ ఆదివారం భోజనాలయ్యాక మీరూ, మీ భార్యా కలిసి కూర్చుని అమ్మానాన్నలకు చెప్పండి. ఉద్యోగం పోయిందన్న మాటతో పాటే, పదహారు నెలలు ఇల్లు గడుస్తుందన్న ఈ లెక్క కాగితాన్ని కూడా నాన్నగారి చేతిలో పెట్టండి.