చెక్క నేల కోసం 11 వేల డాలర్ల అప్పా?

ప్రశ్న: న్యూజెర్సీ ఎడిసన్‌లో మూడేళ్ల కింద ఇల్లు కొన్నాం, 1962లో కట్టింది. 800 చదరపు అడుగుల ఓక్ చెక్క నేల అరిగిపోయి, గీతలు పడి చూడ్డానికి బాగోలేదు. జూన్‌లో విజయవాడ నుంచి అమ్మానాన్న వస్తున్నారు. కాంట్రాక్టర్ మొత్తం పీకేసి కొత్తది వేస్తే 11,200 డాలర్లు అన్నాడు, 12 నెలలు వడ్డీ లేని కార్డు కూడా తనే ఇప్పిస్తాడట. శాండింగ్ చేసి, అంటే మెషిన్‌తో పైపొర గీకేసి, మళ్లీ పాలిష్ వేయడానికి 4,000, పైన ఒక్క పూతకి 1,400. సేవింగ్స్ 16,000, క్రెడిట్ కార్డు బాకీ 2,600, నెల ఖర్చు 5,000. నేనొక్కడినే సంపాదిస్తున్నాను, హెచ్-1బీ వీసా మీద ఉన్నాను. కార్డు మేలా, ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో తీసుకునే అప్పు, అదే హెలాక్, మేలా?

జవాబు: రెండూ వద్దండీ. ఏ అప్పు తీసుకోవాలన్నది తర్వాత, అసలు ఆ నేలకి ఎంత పని అవసరమో ముందు తేల్చుకోండి.

ఈ సాయంత్రమే చెంచాతో నాలుగు చోట్ల నీళ్ల చుక్కలు వేయండి: సోఫా కింద, హాలు మధ్యలో, వంటగదిలో సింకు ముందు, వీధి గుమ్మం దగ్గర. పది నిమిషాలు ఆగి చూడండి. చుక్క గుండ్రంగా అలాగే నిలబడితే పైన పాలిష్ ఇంకా ఉందని, చెక్కలోకి ఇంకి అక్కడ రంగు ముదిరితే పాలిష్ పోయిందని అర్థం. చాలా ఇళ్లలో సింకు ముందు, గుమ్మం దగ్గర పోయి ఉంటుంది, మిగతా చోట్ల గీతలే కానీ చెక్క దాకా దెబ్బ వెళ్లదు. అలాంటి చోట 1,400 డాలర్ల పనే చాలు, దాన్ని 'స్క్రీన్ అండ్ రీకోట్' అంటారు, అంటే పాత పూతని పైపైన గరుకు చేసి దాని మీద కొత్త పూత వేస్తారు. లోతైన గీతలు పోవు, మెరుపు మాత్రం వస్తుంది. చెక్క నల్లబడిన చోట శాండింగ్ తప్పదు.

కొత్త నేల ఊసే వద్దు. హీటర్ గాలి వచ్చే జాలీ ఒకటి పైకెత్తి పక్క నుంచి చెక్క మందం చూడండి. మీ ఇంటి వయసుని బట్టి ముప్పావు అంగుళం గట్టి ఓక్ అయ్యుండే అవకాశమే ఎక్కువ, అదైతే మామూలుగా ఇంకా కొన్నిసార్లు శాండింగ్ చేయించుకోవచ్చు. అలాంటిదాన్ని పీకించుకుని చెత్తబండిలో వేయించడానికి ఎదురు డబ్బులివ్వడం నాకు మింగుడు పడదు. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 2022 నివేదికలో పాత నేల బాగుచేయించడానికి 3,400 డాలర్ల ఖర్చు, ఇల్లు అమ్మేటప్పుడు వెనక్కి వచ్చేది 5,000 అని వేశారు. కొత్త చెక్క నేలకైతే 5,500 పెడితే 6,500. ఇళ్లు అమ్మిపెట్టేవాళ్ల లెక్క కాబట్టి కాస్త తగ్గించుకునే చదవండి, కానీ ఏది మేలో అందులోనే తెలుస్తోంది.

ఇక ఆ 'వడ్డీ లేని' కార్డు. ఇలాంటి స్టోర్ కార్డుల్లో చాలావాటికి గడువు లోపు పైసాతో సహా కట్టేస్తేనే వడ్డీ ఉండదు. నెలకి 900 చొప్పున కడుతూ వచ్చారనుకోండి, ఏడాది చివర 400 మిగులుతుంది. అప్పుడు వడ్డీ ఆ 400 మీద కాదు, మొదటి రోజు నుంచి ఉన్న బాకీ అంతటి మీద లెక్కగట్టి ఒక్కసారే వేస్తారు. 30 శాతం రేటు అనుకుంటే దాదాపు 1,900 డాలర్లు! కాగితాల్లో 'డిఫర్డ్ ఇంటరెస్ట్' అన్న మాట ఉందేమో వెతకండి. హెలాక్‌కి వడ్డీ తక్కువే అయినా రేటు మారుతూ ఉంటుంది, పైగా తాకట్టులో ఉండేది ఇల్లు. వడ్డీ మీద ట్యాక్స్ మినహాయింపు వస్తుంది కదా అని ఎవరైనా చెప్తే, పాలిష్ పని మామూలుగా రిపేరు కింద పడుతుంది, దానికి రాదు.

మీ పరిస్థితిలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఉద్యోగం. హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే ఇక్కడ ఉండటానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. కార్డు బాకీ 2,600 ముందు కట్టేయండి, 13,400 మిగులుతుంది. కొత్త నేల నగదుతో వేయిస్తే చేతిలో 2,200, అంటే రెండు వారాల ఖర్చు కూడా లేదు. మొత్తం శాండింగ్ చేయిస్తే 9,400. పైపూతతో సరిపెడితే 12,000. నేనైతే ఈ ఏడాది పైపూత వేయించి, సింకు ముందు మచ్చ మీద చిన్న రగ్గు పరిచి, నెలకి 200 పక్కన పెట్టుకుంటూ వెళ్లి ఏడాదిన్నర తర్వాత వంటగది శాండింగ్ చేయిస్తాను. అమ్మానాన్న మిమ్మల్ని చూడ్డానికి వస్తున్నారు, నేలని చూడ్డానికి కాదు కదా.

శాండింగ్ చేయించేటప్పుడు గుర్తుంచుకోండి, 1978కి ముందు కట్టిన ఇళ్ల రంగుల్లో సీసం ఉండొచ్చు, కాబట్టి లెడ్-సేఫ్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే పిలవండి. మేం ఆయిల్ పాలియురిథేన్ అనే రకం పాలిష్ వేయించి ఆ వాసనకి మూడు రాత్రులు మోటెల్లో పడుకున్నాం, ఆ బిల్లు కొటేషన్లో లేదు మరి. వాటర్ బేస్‌డ్‌ది కాస్త ఖరీదు ఎక్కువైనా త్వరగా ఆరుతుంది.

ఇంకో సంగతి. దేవుడి మూల ఎక్కడుందో కాంట్రాక్టర్‌కి చూపించండి. దీపం నూనె చిందిన చోట కొత్త పూత పట్టదు, ఇదివరకు నేలకి వ్యాక్స్ రాసి ఉన్నా అంతే. ఇంటికి రాగానే అమ్మగారు బకెట్‌లో గుడ్డ ముంచి తడి కారుతుండగా తుడవడం మొదలుపెడతారు, ముందే చెప్పండి, చెక్కకి నిలవ నీళ్లు పడవు. అడ్వాన్స్ ఇచ్చే ముందు క్లాజెట్ లోపల ఒక మూల పూత వేసి చూపించమనండి. బాగా ఆరాక గోరుతో గీకండి, పొట్టులా ఊడొస్తే ఆ 1,400 కూడా ఇవ్వకండి.